ఎడమవైపుకి కొట్టకూడని సందు

మా పై ఫ్లాటులోకి కొత్తవాళ్లు దిగబోతున్నారు. అందుకోసం కొన్నాళ్లుగా అక్కడ వడ్రంగి పని సాగుతోంది. పొద్దున్నే రంపం మొదలవగానే కోసిన చెక్క వాసన, దానితోపాటు కాస్త పుల్లగా ముక్కుకి తగిలే జిగురు వాసన మెట్ల మీదుగా దిగివచ్చి మా వంటింట్లో కాఫీ వాసనని పక్కకి నెట్టేస్తాయి. మావారు తుమ్ముతూ లేచి కిటికీలు మూసేస్తారు. ఆయన ఆఫీసుకి వెళ్లగానే నేను మళ్లీ తెరుస్తాను. నా చిన్నతనమంతా ఈ వాసనలోనే గడిచింది మరి. నాన్న సినిమాలకి సెట్లు వేసే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాడు. రాజమహళ్లు, రైల్వేస్టేషన్లు, జమీందారు గారి హాళ్లు, అన్నీ చెక్కతోనూ ప్లాస్టరుతోనూ కట్టి, షూటింగ్ అయిపోగానే తనే దగ్గరుండి ఊడదీయించి, జుట్టు నిండా రంపపు పొట్టుతో ఇంటికి వచ్చేవాడు. అమ్మమ్మ ఆయన్ని గుమ్మం దగ్గరే ఆపి, తువ్వాలుతో దులిపి గానీ లోపలికి రానిచ్చేది కాదు.

ఫిల్మ్‌నగర్ అనగానే అందరికీ పెద్ద గేట్లు, వాటి వెనక మేడలు గుర్తొస్తాయి. మేముండేది ఆ మేడలకి దిగువన, షేక్‌పేట వైపు జారే ఏటవాలులో, బండరాళ్ల మధ్య ఎక్కడ జాగా దొరికితే అక్కడ కట్టుకున్న ఇళ్ల వరుసలో. ఏప్రిల్ వచ్చిందంటే ఆ రాళ్లు పగలంతా ఎండని తాగి, సాయంత్రం చల్లబడాల్సిన వేళకి తిరిగి మా మీదికి ఊదేవి. మా ఇంటి వెనక ఖాళీ జాగాలో విప్పేసిన సెట్ల తాలూకు ముక్కలు పడి ఉండేవి. సగం రథచక్రం, చేత్తో ఎత్తగలిగే రాతి స్తంభాలు, ఏ ఊరిదో తెలియని పోలీస్ స్టేషన్ బోర్డు, ఒక కోర్టు బోను. ఆ బోనులో అమ్మమ్మ కోళ్లు పడుకునేవి. క్రిస్మస్‌కి నాన్న వెదురుబద్దలతో కట్టిన నక్షత్రం మొత్తం వరుసలోకి పెద్దదిగా ఉండేది. అమ్మమ్మ బందరు నుంచి తెచ్చుకున్న అచ్చుతో గులాబీ పువ్వులు వండితే, ఆ నూనె వాసనకి పక్కిళ్ల పిల్లలంతా ప్రార్థనకి వచ్చినంత బుద్ధిగా మా అరుగు మీద వరసగా కూర్చునేవాళ్లు. బతుకమ్మకి వాళ్లిళ్ల నుంచి మాకు సత్తుపిండి, రొట్టెలు నలిపి బెల్లంతో కట్టిన మలీద ముద్దలు వచ్చేవి. ఏ పండుగ ఎవరిదో నాకు చాలాకాలం సరిగ్గా తెలియదు. ఏ నెలలో ఏ ఇంటి వైపు నుంచి గిన్నె వస్తుందో మాత్రం బాగా తెలుసు.

మిగిలిన కాలమంతా క్రికెట్. మా సందు సన్నగా, పొడుగ్గా, కిందికి వాలుగా ఉండేది. బ్యాటింగ్ చేసేవాళ్లు పైన నిలబడాలి. కుడివైపు కాలువ, అందులో పడితే బంతి తీసిన చేతిని అమ్మమ్మ సున్నిపిండితో తోమించేది. ఎడమవైపు డబ్బింగ్ ఆంటీ గారి కిటికీలు. ఆవిడ సినిమాల్లో హీరోయిన్లకి గొంతు ఇచ్చేవారు. ఒకసారి అద్దం పగిలినప్పుడు ఆవిడ బయటికి వచ్చి మమ్మల్ని కోప్పడితే, ముందు రోజు తెరమీద ఏడ్చి మమ్మల్నందరినీ ఏడిపించిన గొంతే అచ్చంగా మమ్మల్ని తిడుతూంటే, భయపడాలో పరవశించాలో తెలియక నోళ్లు తెరుచుకుని నిలబడిపోయాం. ఆ రోజు నుంచి ఎడమవైపు కొడితే అవుట్ అని చట్టం చేసుకున్నాం. తిన్నగా కొట్టవచ్చు, కానీ గట్టిగా కొడితే బంతి ఏటవాలు పట్టుకుని షేక్‌పేట రోడ్డు దాకా దొర్లిపోయేది. కొట్టినవాళ్లే వెళ్లి తెచ్చుకోవాలని ఇంకో చట్టం. ఎండలో అంత దూరం దిగి మళ్లీ ఎక్కడం ఇష్టంలేక నేను బంతిని కొట్టడం మానేసి, ముందుకాలు చాచి, రెండు చేతులతో మెల్లగా తోయడం నేర్చుకున్నాను. అలా తోస్తూ ఎంతసేపైనా అవుటవకుండా నిలబడేదాన్ని. సందులో నన్ను మించిన బ్యాట్స్‌మన్ లేడని నాకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే ఎనిమిదో తరగతిలో సాఫ్ట్‌బాల్ జట్టులో చేరాను. మా బడికి అప్పుడే సులోచన మేడమ్ కొత్త ఆటల టీచరుగా వచ్చారు. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. చుడీదారు కింద తెల్ల క్యాన్వాస్ బూట్లు వేసుకుని, మెడలో ఈలతో, మధురానగర్ నుంచి పొద్దున్నే సైకిలు మీద వచ్చేవారు. కాలేజీ రోజుల్లో రాష్ట్రం తరఫున సాఫ్ట్‌బాల్ ఆడారట. అంతవరకు మా బడిలో ఆడపిల్లలకి ఖోఖో తప్ప వేరే ఆట లేదు. మేడమ్ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి అడిగి అడిగి ఒక సంచీడు సామాను సంపాదించారు. ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు కానీ, వానలు మొదలయ్యాక జరిగే పోటీల్లో మరీ పరువు పోయేలా ఓడిపోతే ఆ సంచీ స్టోర్ రూములోకి పోతుందని, మళ్లీ తనని అడగవద్దని ముందే చెప్పేశారు. ఈ సంగతి మాకు చెప్పింది రజియా. రహమత్‌నగర్ నుంచి వచ్చేది, మా జట్టులో బంతి విసిరే పిల్ల. స్టాఫ్‌రూము కిటికీ కింద కూర్చుని టిఫిన్ తినే అలవాటు వల్ల బడిలో ఏ వార్తయినా దానికే ముందు తెలిసేది.

పరీక్షలైపోయిన మర్నాటి నుంచే పొద్దున్న పూట శిక్షణ మొదలైంది. సాఫ్ట్‌బాల్ పేరుకే మెత్తన. బంతి బత్తాయికాయ కన్నా పెద్దది, గట్టిది. కింది నుంచి చేయి గుండ్రంగా తిప్పి విసురుతారు, రెప్పవేసేలోగా వచ్చేస్తుంది. నేను మాత్రం బెదరలేదు. ముందుకాలు చాచి, చేతులు చాచి, వచ్చిన ప్రతి బంతినీ తాకాను. తాకిన ప్రతి బంతీ నేలమీద బుద్ధిగా దొర్లుకుంటూ తిరిగి రజియా కాళ్ల దగ్గరికే వెళ్లింది. నేను గర్వంగా మేడమ్ వైపు చూశాను. ఆవిడ నడుం మీద చేతులు వేసుకుని నా దగ్గరికి నడిచి వచ్చారు.

"ఏంది ఎస్తేర్, బంతిని కొడ్తున్నవా, బతిమాలుతున్నవా?" అన్నారు.

ఆ తర్వాత నన్ను నీడలోకి తీసుకెళ్లి, నువ్వు ఎక్కడ ఆడతావు, మీ సందు ఎంత వెడల్పు, అటూ ఇటూ ఏముంది అని అడిగారు. నేను కాలువ గురించి, డబ్బింగ్ ఆంటీ గురించి, షేక్‌పేట రోడ్డు గురించి చెప్పాను. మేడమ్ పగలబడి నవ్వారు. అప్పుడు నా ఒంటిని ఒక్కొక్క భాగమే విప్పి చూపించినట్టు చెప్పారు. నేను ముందుకాలు అంత దూరం వేయడం వల్ల ఒళ్లంతా ముందే వెళ్లిపోతోంది, ఇక బంతి మీద వేయడానికి బరువు మిగలడం లేదు. చేతులు చాచేయడం వల్ల బ్యాటులో ఊపు చచ్చిపోతోంది. నడుం అసలు తిరగడమే లేదు, ఎందుకంటే నడుం తిరిగితే బంతి ఎడమవైపు పోతుంది, ఎడమవైపు పోతే నేను అవుట్. బలం కాళ్ల నుంచి పుట్టాలి, వెనక మడమ లేచి తిరగాలి, దాంతో నడుం తిరగాలి, చేతులు అన్నిటికన్నా ఆఖరున రావాలి. నాకు అన్నిటికన్నా ముందు వచ్చేవి చేతులే.

మర్నాడు నా చేతిలోంచి బ్యాటు లాగేసుకున్నారు. చున్నీ ఒకటి నా నడుముకి కట్టి, రెండో కొస రజియా చేతికిచ్చి వెనక నిలబెట్టారు. నేను ముందుకి పడబోయినప్పుడల్లా రజియా లాగాలి. రజియాకి ఈ పని మహా ఇష్టంగా ఉండేది. ఎండు గడ్డి మీద, వేసవి పొద్దుటి ఎండలో, చేతులు ఛాతీ మీద కట్టుకుని నడుం తిప్పుతూ నేనూ, ఎద్దుని పట్టుకున్నట్టు చున్నీ పట్టుకుని రజియా. గోడ అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్లు మమ్మల్ని చూసి ఏదో సినిమాకి డాన్సు నేర్పుతున్నారనుకునేవాళ్లు. మా పేటలో అలా అనుకోవడం పెద్ద తప్పేమీ కాదు.

ఇంటి దగ్గర చేయడానికి మేడమ్ ఇంకో పని చెప్పారు. బకెట్లో నీళ్లు పట్టుకుని, పక్కకి తిరిగి గోడకి విసిరికొట్టమన్నారు. చేతులతో విసిరితే నీళ్లు కాళ్ల మీదే పడతాయి, నడుం తిరిగితే గోడకి పోయి తగులుతాయి, ఎవరూ చెప్పక్కర్లేదు, నీకే తెలుస్తుంది అన్నారు. మేడమ్‌కి మా ఇంట్లో నీళ్ల సంగతి తెలియదు. ట్యాంకరు వచ్చిన రోజున అమ్మమ్మ బిందెలన్నీ నింపి మూతలు పెట్టి, వాటి మీద రాళ్లు పెట్టేది. ఆటకోసం బకెట్టు నీళ్లు గోడకి కొడతానని అడిగే ధైర్యం మా ఇంట్లో నాన్నకే లేదు. అందుకని నేను ఆలోచించి, పొయ్యి కోసం నాన్న గోనెల్లో తెచ్చిపడేసిన రంపపు పొట్టుని బకెట్లో నింపుకుని డాబా ఎక్కాను. కాలు నిలదొక్కుకుని, మడమ తిప్పి, బలమంతా పెట్టి విసిరాను. పొట్టు పసుపు రంగు మబ్బులా లేచి, గాలికి తిరిగి, డాబాకి అవతలి చివర పాత చీర మీద అమ్మమ్మ తెల్లవారుజామునే లేచి పెట్టుకున్న సగ్గుబియ్యం వడియాల మీద మెత్తగా, సమంగా దిగింది.

అమ్మమ్మ పైకి వచ్చి చాలాసేపు వడియాలని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"ఏమే ఎస్తేరూ, ఇవి వేయించుకు తినాలా, చెక్కలనుకుని గుంజకి కొట్టుకోవాలా?" అంది.

నేను ఏడుపు గొంతుతో సంగతంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కాసేపు తిట్టాక, నా చేయి పట్టుకుని వెనక జాగాలోకి తీసుకెళ్లి, బియ్యం కడిగిన నీళ్లు పొట్టు మీద చల్లి కలిపించింది. తడిస్తే ఎగరదట. ఆ తర్వాత కోర్టు బోను నీడలో పీట వేసుకుని కూర్చుని, కోళ్లని తోలుతూ, విసరవే చూస్తాను అంది. చేతులతో విసిరినప్పుడు తడి పొట్టు ముక్కలు ముక్కలుగా చెదిరి దారంతా పడేది. నడుం సరిగ్గా తిరిగినప్పుడు అంతా ఒక్క ముద్దగా వెళ్లి ఆ పోలీస్ స్టేషన్ బోర్డుకి ధప్పుమని అంటుకునేది. అమ్మమ్మకి సాఫ్ట్‌బాల్ అంటే ఏమిటో ఎప్పటికీ తెలియలేదు. పొట్టు ముద్దగా పడిందా, చెదిరిందా అన్నది మాత్రం పట్టుదలగా చూసేది. ఆవకాయ కారాలు కలిపే రోజుల్లో కూడా సాయంత్రానికి ఎర్రటి చేతులతో వచ్చి పీట మీద కూర్చునేది.

ఇంత చేసినా, చేతికి మళ్లీ బ్యాటు ఇచ్చాక నాకు బంతి తగలడం మానేసింది. పాత పద్ధతి పోయింది, కొత్తది ఇంకా రాలేదు. మడమ గురించి ఆలోచిస్తే చేతులు మరిచిపోయేదాన్ని, చేతులు దగ్గరగా పెట్టుకుంటే బంతి దాటిపోయేది. వేసవి అలాగే గడిచింది. బళ్లు తెరిచారు, మొదటి వానకి మైదానం బురదయింది, ఆషాఢం వచ్చి వీధుల్లో బోనాల డప్పులు మొదలయ్యాయి. నా బ్యాటు ఇంకా గాలినే కొడుతోంది. రజియా జాలిపడి నాకు మెల్లగా విసరడం మొదలుపెట్టింది. మేడమ్ అది కనిపెట్టి దాన్ని మైదానం చుట్టూ పరుగెత్తించారు. ఇంట్లో నాన్న కూడా, ముందు బాగానే ఆడేదానివి కదే, ఎందుకు మార్చుకున్నావు అని నెమ్మదిగా అడిగాడు. ఒకరోజు ప్రిన్సిపాల్ మైదానం పక్కగా వెళుతూ ఆగి, నేను వరసగా గాలిని కొట్టడం చూసి, మేడమ్‌తో ఏదో అని తల ఊపుతూ వెళ్లారు. అంత దూరం నుంచి మాటలు వినపడలేదు, కానీ వినపడాల్సిన అవసరం కూడా లేకపోయింది.

ఆ సాయంత్రం సామాను సంచీలో సర్దుతున్న మేడమ్ దగ్గరికి వెళ్లి, నా పాత పద్ధతిలోనే ఆడతానండీ అన్నాను. అలాగైతే బంతి కనీసం తగిలేది కదా అన్నాను. నా వల్ల ఆట ఆగిపోతుందేమోనన్న భయం మాత్రం నోటితో చెప్పలేకపోయాను.

మేడమ్ సంచీ తాడు బిగించి లేచారు. "తగుల్తది. తగిలి ఏడికి పోతది?"

నేను కాలితో బురదని గీరాను.

"గా సందుల నువ్వు మస్తు ఆడినవ్ బిడ్డా. కిటికీలు పగలకుండ, దిగి పోకుండ, నీ తెలివితోటి నువ్వే నేర్చుకున్నవ్. గీడ కిటికీలు లేవు. గీడ గట్టిగ కొట్టినా ఎవ్వరు ఏమనరు. నీ ఒంటికి గా మాట ఇంకా తెలుస్తలేదు, అంతే. జర టైమియ్యి దానికి. నిన్ను తీసేసుడుంటే నేనే చెప్త, నువ్వు ఫికర్ చెయ్యకు."

అంత ఓపికగా ఎవరైనా నా గురించి ఆలోచించడం అదే మొదటిసారని కాదు కానీ, ఎవరో నా చేతులని తప్పుపట్టకుండా వాటి కథ విన్నట్టు అనిపించింది. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు ఏటవాలు ఎక్కడం కష్టంగా అనిపించలేదు.

పోటీలు యూసుఫ్‌గూడ వైపు ఒక పెద్ద మైదానంలో జరిగాయి. ముసురు పట్టిన రోజు. అమ్మమ్మ టిఫిన్ క్యారియర్ నిండా పులిహోర, గొడుగు, చిన్న బైబిలు పట్టుకుని, ఆ రోజుకి పని మానుకున్న అమ్మతో వచ్చింది. నాన్న షూటింగ్ మధ్యలో, చొక్కా మీద ఎర్ర రంగు మరకలతో వచ్చి నిలబడితే, పక్కబడి వాళ్లు ఆయనకి దెబ్బ తగిలిందేమోనని కంగారుపడ్డారు. మేడమ్ నన్ను బ్యాటింగ్‌లో అందరికన్నా ఆఖరున వేశారు. ఈ ఆటలో మూడు బంతులు తప్పితే అవుట్. మొదటిసారి వెళ్లి మూడుసార్లూ గాలినే కొట్టి వచ్చాను. రెండోసారీ అంతే. వచ్చి కూర్చుంటే రజియా తన మంచినీళ్ల సీసా నా చేతిలో పెట్టి అటు తిరిగి కూర్చుంది.

ఆఖరి వంతు వచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. రజియా అప్పటికే కొట్టి, పరుగెత్తి రెండో బేస్ మీద నిలబడి ఉంది. బేసులన్నీ చుట్టి బ్యాటు పట్టే చోటికి తిరిగి రావడాన్నే ఇల్లు చేరడం అంటారు, రజియా ఇల్లు చేరితే గెలుపు. మాకింక ఒక్క అవుటే మిగిలింది. బ్యాటు నాది. వేరేవాళ్లని పంపిస్తారేమోనని మేడమ్ వైపు చూశాను. ఆవిడ ఈల నోట్లో పెట్టుకుని ఆకాశంలోకి, వాన వస్తుందా అన్నట్టు చూస్తున్నారు. వెళ్లి నిలబడ్డాను. మొదటి బంతి దాటిపోయింది. రెండో బంతి వచ్చేటప్పుడు నేను మడమ గురించి గానీ చేతుల గురించి గానీ ఏమీ అనుకున్నట్టు గుర్తులేదు. తడి నేలలో కాలు తిరగడం తెలిసింది. ఆ తర్వాత చేతులకి ఏ బరువూ తెలియలేదు, ఒక శబ్దం మాత్రం వినిపించింది. బంతి లేచి, ఎడమవైపుకి వెళ్లింది.

ఎడమవైపుకి. నేను కళ్లు గట్టిగా మూసుకుని, భుజాలు ముడుచుకుని, అద్దం పగిలే చప్పుడు కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయాను. ఆ చప్పుడు రాలేదు. కళ్లు తెరిస్తే బంతి ఇంకా పోతూనే ఉంది, దాని వెనక ఒక పొడుగాటి పిల్ల పరుగెడుతోంది, ఆ పిల్లని దాటి బంతి గడ్డిలో పడి ఇంకా పోతోంది. ఇంత చోటు ఉందా అనిపించింది. అంత దూరం వెళ్లే వస్తువు నా చేతుల్లోంచి బయలుదేరిందని నమ్మలేక అలాగే చూస్తున్నాను.

"ఉరుకు ఎస్తేర్! నిలబడి ఏం జూస్తున్నవ్?" అని మేడమ్ అరిచిన అరుపు మైదానం చివరిదాకా వినిపించి ఉంటుంది.

బ్యాటు పారేయడం కూడా మరిచిపోయి దాన్ని పట్టుకునే పరుగెత్తాను. మొదటి బేస్ చేరేసరికి రజియా ఇల్లు చేరి, బురదలో దొర్లి, లేచి నావైపు వస్తోంది. మిగతా పిల్లలు దాని వెనకే. గెలిచామని నాకు అర్థమయ్యేలోపే నన్ను పడేశారు. మేడమ్ వచ్చి లేపి, మొహం మీద బురద తన చున్నీతో తుడిచి, బ్యాటు పట్టుకుని ఉరికినవాళ్లని ఇంతవరకు చూడలేదని అన్నారు. నవ్వుతున్నారు, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. అమ్మమ్మ గొడుగు కింద నుంచి లేచి వచ్చి మేడమ్ చేతిలో పులిహోర పెట్టి, "ఇవాళ పొట్టు ముద్దగా పడిందండీ" అంది. మేడమ్‌కి ఏమీ అర్థం కాలేదు. అవునవునంటూ తినేశారు. మధ్యాహ్నం జరిగిన రెండో మ్యాచ్‌లో మేం చిత్తుచిత్తుగా ఓడిపోయాం. అయినా సోమవారం ప్రార్థనలో ప్రిన్సిపాల్ మా గెలుపు గురించి మాత్రమే చెప్పారు. సంచీ స్టోర్ రూముకి పోలేదు. పదో తరగతి అయిపోయి బడి వదిలేదాకా నేనూ రజియా ఆ సంచీని చెరోవైపు పట్టుకుని మోశాం.

పోయిన నెల మధురానగర్‌లో సులోచన మేడమ్‌ని చూసి వచ్చాను. మోకాళ్లకి ఆపరేషన్ అయింది. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తున్నారు, కానీ గొంతు అదే. టీ తాగాక, హాల్లో నిలబడి ఆ రోజు ఎలా కొట్టావో చూపించమన్నారు. నేను నవ్వి, ఉత్త చేతులతో చూపించాను. ముందుకాలు మళ్లీ దూరం పోతున్నదని కోప్పడి, ఇంకోసారి చేయించారు. రెండోసారికి బాగానే ఉందన్నారు.

వచ్చేటప్పుడు కారు ఫిల్మ్‌నగర్ మీదుగా పోనిచ్చాను. మా సందు లేదు. ఇళ్ల వరుసా లేదు. రాళ్లని పగలగొట్టి కాఫీ హోటళ్లు కట్టారు. అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. డబ్బింగ్ ఆంటీ చెన్నై వెళ్లిపోయారని విన్నాను. ఇప్పుడు నటులు పచ్చగుడ్డ ముందు నిలబడితే చాలు, రాజమహళ్లు కూడా తర్వాత కంప్యూటర్లో కట్టుకుంటున్నారని నాన్న చెబుతూంటాడు. మా బడి మైదానంలో సగం కార్లు నిలిపే చోటయింది, మిగిలిన సగానికి నాలుగువైపులా, పైనా వల కట్టి, లోపల పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచి, గంటల చొప్పున ఆడుకోవడానికి ఇస్తున్నారు. గేటు దగ్గర ఆగి చూశాను. లోపల ఇద్దరు ఆడపిల్లలు ఆడుతున్నారు. అందులో ఒకతె ఎవరు నేర్పారో గానీ చక్కగా నడుం తిప్పి కొట్టింది. చాలా మంచి దెబ్బ. బంతి లేచి, కాస్త దూరంలోనే వలకి తగిలి, కిందపడి, దొర్లుకుంటూ కొట్టినదాని దగ్గరికే వచ్చేసింది. ఆ పిల్ల వంగి తీసుకుంది. ఆ బంతి నిజంగా ఎంత దూరం వెళ్లి ఉండేదో ఆ పిల్లకి తెలియదు, నాకూ తెలియదు.